డిగ్రీ అయింది, నెట్‌వర్కింగ్‌లోకి రావాలి: ప్యాకేజీ కోర్సులో చేరాలా, నేరుగా సీసీఎన్ఏ రాయాలా?

ముందు ప్రశ్న ఏంటో రెండు ముక్కల్లో చెప్తా, కింద చదివేవాళ్లకి అర్థమవుతుంది. సీసీఎన్ఏ అంటే రౌటర్లు, స్విచ్‌లు తయారుచేసే సిస్కో కంపెనీ పెట్టే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష. గుంటూరు నుంచి ఒక తమ్ముడు అడిగాడు. బీఎస్సీ కంప్యూటర్స్ అయిపోయి ఏడాది దాటింది, కోడింగ్ ఎక్కట్లేదు, నెట్‌వర్కింగ్ మీద ఇష్టం ఉంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు హార్డ్‌వేర్, ఎన్ ప్లస్, సీసీఎన్ఏ, ఎంసీఎస్ఈ, లినక్స్, సీసీఎన్‌పీ అన్నీ కలిపి మాస్టర్ ప్రోగ్రామ్ అని 65 వేలు చెప్పారట, పైగా జాబ్ గ్యారంటీ అట. అందులో చేరాలా, అమీర్‌పేట పోవాలా, లేకపోతే ఇంట్లో చదువుకుని నేరుగా సీసీఎన్ఏ రాసేయొచ్చా? ‘తమ్ముడిలా అనుకుని చెప్పన్నా’ అన్నాడు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా.

సూటిగా చెప్పాలంటే ఆ ప్యాకేజీ వద్దు. అమీర్‌పేట ఇప్పుడే వద్దు. సీసీఎన్ఏ సిలబస్ పట్టుకుని ఇంట్లోనే మొదలుపెట్టు, దాంతోపాటే ఊళ్లో ఏ ఇంటర్నెట్ ప్రొవైడర్ దగ్గరో, సీసీటీవీ, నెట్‌వర్కింగ్ పనులు చేసే డీలర్ దగ్గరో తక్కువ జీతమైనా సరే చేరిపో. పరీక్ష ఫీజు కట్టేది అన్నిటికంటే ఆఖర్న. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు సర్టిఫికెట్, తర్వాత ఉద్యోగం, పని అక్కడ నేర్చుకుందాంలే అనుకుంటారు. నేను విజయవాడలోనే ఉంటూ చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్నా, ఫ్రెషర్లని ఇంటర్వ్యూ చేసే కుర్చీలో కూడా కూర్చుంటున్నా. సర్టిఫికెట్ ఉండి నోరు పెగలని వాళ్లు వారానికి ఒకరైనా తగులుతారు.

ప్యాకేజీ ఎందుకు వద్దంటున్నానో చెప్తా. నువ్వు రాసిన లిస్టులో ఎంసీఎస్ఈ ఉంది చూశావా? మైక్రోసాఫ్ట్ ఆ సర్టిఫికేషన్‌ని 2021 జనవరితోనే ఆపేసింది. ఇప్పుడు దాని పేరు బ్రోచర్‌లో ఉందంటే ఆ బ్రోచర్ ఎప్పుడు అచ్చేశారో, మేస్టారు ఎప్పటి నోట్సు చెప్తాడో నువ్వే ఊహించుకో. ఇక సీసీఎన్‌పీ, అది సీసీఎన్ఏకి పై మెట్టు. ఒక్క రౌటర్ కూడా తాకని మనిషికి మొదటి ఆరు నెలల్లో సీసీఎన్‌పీ చెప్పడం బ్రోచర్ బరువు కోసం తప్ప ఇంకెందుకూ పనికిరాదు. అన్నీ ఉన్న ప్యాకేజీలో నెలన్నర హార్డ్‌వేర్ పేరుతో ర్యామ్ తీసి పెట్టించడం, విండోస్ వేయించడం నడుస్తుంది, సీసీఎన్ఏ వచ్చేసరికి బ్యాచ్ సగం ఖాళీ అయిపోతుంది, మిగిలినవాళ్లకి పరుగు మీద చెప్పేస్తారు.

అలాగని ఇన్‌స్టిట్యూట్లన్నీ దండగ అనట్లేదు. ఇంట్లో కూర్చుంటే చదువు సాగదు, ఎవరో ఒకరు వెనక ఉండి తోయాలి అనే రకమైతే ఒక్క సీసీఎన్ఏకి మాత్రమే చేరు. అది ఆ ప్యాకేజీలో చిన్న ముక్క ఖర్చుతో అయిపోతుంది. చేరే ముందు సిలబస్ కాగితం అడుగు. అందులో ఫ్రేమ్ రిలే కనిపించినా, ఈఐజీఆర్‌పీ కాన్ఫిగరేషన్ కనిపించినా బయటికి వచ్చేయ్, రెండూ పరీక్షలోంచి తీసేసిన పాత పాఠాలు. ఇప్పుడున్న పరీక్ష కోడ్ 200-301. 2020 ఫిబ్రవరిలో వచ్చింది, 2024 ఆగస్టులో 1.1 వెర్షన్ అని కొంచెం సవరించారు. ఆన్సిబుల్, టెరాఫామ్ అనే ఆటోమేషన్ టూల్స్, నెట్‌వర్క్ నిర్వహణలో ఏఐ ఎలా వాడుతున్నారు లాంటివి పైపైన వస్తాయి. ఫ్రేమ్ రిలే అంతకంటే చాలా ముందే పోయింది, ఈఐజీఆర్‌పీ 200-301 వచ్చినప్పుడు పోయింది. ఇంకొకటి, ల్యాబ్ చూపించమను. ర్యాక్‌లో స్విచ్‌లు ఉండటం వేరు, వాటికి కరెంటు ఉండటం వేరు. ‘ఒక అరగంట కన్సోల్ కేబుల్ పెట్టుకుని చూస్తా సార్’ అని అడుగు, స్విచ్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి కమాండ్లు కొట్టే కేబుల్ అది. ముఖం చూస్తే తెలిసిపోతుంది. జాబ్ గ్యారంటీ అన్నవాళ్లని, జాబ్ రాకపోతే ఫీజు వెనక్కిస్తామని రసీదు మీద రాసివ్వమని అడిగి చూడు, అక్కడితో ఆ మాట ఆగిపోతుంది.

సరే, ఏ సర్టిఫికేషన్? మొదలుపెట్టేవాళ్ల ముందు నాలుగు ఉంటాయి.

కాంప్‌టియా నెట్‌వర్క్ ప్లస్. అందరూ ఎన్ ప్లస్ అంటారు. ఇప్పటి కోడ్ ఎన్10-009, 90 నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ 90 ప్రశ్నలు, 900కి 720 రావాలి. ఏ కంపెనీ పరికరానికీ కట్టుబడని సిలబస్, కాబట్టి పునాదికి మంచిదే. కానీ మన దగ్గర ఉద్యోగ ప్రకటనలు తిప్పి చూడు, అడిగేది సీసీఎన్ఏనే. ఆ సిలబస్ ఫ్రీగా దొరుకుతుంది, చదువుకో, పరీక్ష రాయాల్సిన పని లేదు.

సిస్కోదే సీసీఎస్‌టీ నెట్‌వర్కింగ్ అని ఇంకోటి ఉంది, సీసీఎన్ఏ కంటే ఒక మెట్టు కింద. కాలేజీలో చదివే పిల్లలకి ఓకే. డిగ్రీ అయిపోయినవాడు దాని మీద డబ్బు పెట్టడం నాకు నచ్చదు.

మైక్రోటిక్ అనే రౌటర్ల కంపెనీ వాళ్ల ఎంటీసీఎన్ఏ. దీని గురించి ఇన్‌స్టిట్యూట్లలో ఎవరూ చెప్పరు. కానీ మన విజయవాడ, గుంటూరు, తెనాలి, నరసరావుపేట చుట్టుపక్కల చిన్న ఇంటర్నెట్ ప్రొవైడర్ల దగ్గరికి పోతే ర్యాక్‌లో సిస్కో కంటే మైక్రోటిక్కే ఎక్కువ కనిపిస్తుంది. వాళ్ల అధీకృత ట్రైనింగ్ క్లాసులో కూర్చుంటే ఆఖర్న పరీక్ష పెడతారు, 60 శాతం వస్తే పాస్. ఊళ్లోనే ఉండిపోవాలి, రేపు సొంతంగా ఏదైనా పెట్టుకోవాలి అనుకుంటే సీసీఎన్ఏ తర్వాత దీని వైపు చూడొచ్చు.

నాలుగోది సీసీఎన్ఏ. నీకు ఇదే. ముందు ఏదీ పాసై ఉండాలనే నిబంధన లేదు, డిగ్రీ కూడా అడగరు. ఒకప్పుడు దీనికి ముందు మెట్టుగా సీసీఈఎన్‌టీ ఉండేది, 2020లో తీసేశారు. ఇంకా దాని పేరు చెప్పి వేరే ఫీజు అడిగేవాళ్లు ఉన్నారు, నమ్మకు. సిలబస్ బరువు ఎలా ఉందంటే: నెట్‌వర్క్ బేసిక్స్ 20 శాతం, స్విచింగ్, వైఫై వైపు 20, రౌటింగ్ 25, డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకి ఐపీ అడ్రస్‌లు పంచేది), నాట్ (లోపలి అడ్రస్‌ని బయటి అడ్రస్‌గా మార్చేది) లాంటి సర్వీసులు 10, సెక్యూరిటీ 15, ఆటోమేషన్ 10. అంటే మొదటి మూడూ గట్టిగా పడితే మూడింట రెండొంతుల సిలబస్ చేతిలో ఉన్నట్టే.

ఇప్పుడు చదవడం ఎలా? సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ సైట్‌లో అకౌంట్ తెరిస్తే బేసిక్స్ కోర్సు ఉచితం, కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ కట్టి చూసుకునే ప్యాకెట్ ట్రేసర్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితం. యూట్యూబ్‌లో 200-301 మొత్తం సిలబస్‌ని రోజుకో పాఠంగా చెప్పిన కోర్సులు ఉన్నాయి, అవీ ఫ్రీనే. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద కూడా ప్యాకెట్ ట్రేసర్ నడుస్తుంది. డబ్బు పెట్టాల్సిన అవసరం ఇక్కడ అసలు లేదు, పెట్టాల్సింది టైమ్. రోజుకి రెండు గంటలు, అందులో గంట కచ్చితంగా కీబోర్డ్ మీద చేతులు ఉండాలి. వీడియో చూస్తుంటే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, ఆపి ఖాళీ స్క్రీన్ ముందు కూర్చుంటే మొదటి కమాండ్ గుర్తుండదు.

అందరూ భయపడేది సబ్‌నెట్టింగ్, అంటే ఒక నెట్‌వర్క్‌ని చిన్న ముక్కలుగా విడగొట్టే లెక్క. నిజానికి అది నాలుగో తరగతి ఎక్కాలంత పని, వారం రోజులు తిప్పితే వచ్చేస్తుంది. చూడు. 192.168.10.77 /26 అని ఇచ్చి ఇది ఏ నెట్‌వర్క్‌లో ఉంది అని అడిగారనుకో. 32లోంచి 26 తీసేస్తే 6 బిట్లు మిగిలాయి, 2ని ఆరుసార్లు గుణిస్తే 64. కాబట్టి నెట్‌వర్కులు 0, 64, 128, 192 దగ్గర మొదలవుతాయి. 77 అనేది 64కీ 128కీ మధ్య ఉంది, అంటే నెట్‌వర్క్ అడ్రస్ 192.168.10.64, బ్రాడ్‌కాస్ట్ 127, మధ్యలో 65 నుంచి 126 వరకు 62 అడ్రస్‌లు కంప్యూటర్లకి ఇవ్వొచ్చు. అంతే. పరీక్షలో కాలిక్యులేటర్ ఉండదు కాబట్టి ఇది బుర్రలో జరగాలి. బస్సులో గుంటూరు నుంచి విజయవాడ వచ్చేటప్పుడు ముందు వెళ్లే బండ్ల నంబర్ ప్లేట్లలో రెండంకెలు తీసుకుని లెక్కేసుకుంటూ రా, మంగళగిరి దాటేలోపు పది అవుతాయి.

సబ్‌నెట్టింగ్ తర్వాత వీలాన్‌లు (ఒకే స్విచ్‌లో విడివిడి నెట్‌వర్కులు), ట్రంక్‌లు (చాలా వీలాన్‌లని మోసే లింకులు), స్పానింగ్ ట్రీ, స్టాటిక్ రౌట్లు, ఓఎస్‌పీఎఫ్, యాక్సెస్ లిస్టులు, నాట్. ఈ వరసలోనే పో. ప్రతిదానికీ ప్యాకెట్ ట్రేసర్‌లో నీ చేత్తో ఒక ల్యాబ్ కట్టి, పని చేశాక కావాలని పాడు చెయ్. ట్రంక్‌లో ఒక వీలాన్ తీసేయ్, గేట్‌వే తప్పు ఇవ్వు, ఒక ఇంటర్ఫేస్ షట్‌డౌన్ చేసి మర్నాడు దాన్ని తెరిచి ఎందుకు పోవట్లేదో షో కమాండ్లతో మాత్రమే కనిపెట్టు. ఉద్యోగంలో నీకు ఎవరూ ఖాళీ స్విచ్ ఇచ్చి కట్టమనరు, నిన్నటిదాకా నడిచి ఇవాళ ఆగిపోయినదాన్ని ఇస్తారు.

ఒక కేసు చెప్తా, సిలబస్‌లో ఒక్క లైనుగా ఉండేది బయట ఎలా ఉంటుందో తెలుస్తుంది. గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. సీజన్, గేటు బయట టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే లారీలు బారులు తీరి ఉన్నాయి. కాటా దగ్గరున్న కంప్యూటర్‌లో బిల్లు కొడితే ఆఫీసులో ప్రింటర్‌కి పోవట్లేదు, సగం కంప్యూటర్లలో ఇంటర్నెట్ లేదు, మిగతా సగం బ్రహ్మాండంగా ఉన్నాయి. వాళ్లు ఇంటర్నెట్ ప్రొవైడర్‌ని తిడుతున్నారు, ప్రొవైడర్ మా లైను బాగానే ఉందంటున్నాడు. ఇద్దరి మాటలో ఎవరిది నిజమో తేల్చే పని మనది.

పని చేయని కంప్యూటర్ ముందు కూర్చుని ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొడితే 192.168.0తో మొదలయ్యే అడ్రస్ వచ్చింది. పనిచేసే కంప్యూటర్‌లో చూస్తే 192.168.5. అంటే అడ్రస్‌లు పంచేవాళ్లు ఇద్దరు ఉన్నారు. ఏ ఐపీ ఏ పరికరానిదో చూపించే ఏఆర్‌పీ టేబుల్ తీసి ఆ కొత్త గేట్‌వే మ్యాక్ అడ్రస్ (పరికరానికి ఉండే సొంత నంబర్) రాసుకుని, స్విచ్‌లో ఆ మ్యాక్ ఏ పోర్టు మీద కనిపిస్తోందో చూశాం. పదకొండో పోర్టు. ఆ వైరు పట్టుకుని పోతే గుమాస్తాల గదిలో బీరువా వెనక తేలింది. ఎవరో ఇంటి నుంచి పాత వైఫై రౌటర్ తెచ్చి, ఫోన్లకి సిగ్నల్ అందట్లేదని, గోడ సాకెట్‌లోంచి వచ్చే కేబుల్‌ని దాని లాన్ పోర్టులో గుచ్చారు. బయటి లైను కోసం ఉండే వ్యాన్ (WAN) పోర్టులో పెట్టి ఉంటే ఈ గొడవ వచ్చేది కాదు. లాన్‌లో పెట్టేసరికి అది కూడా డీహెచ్‌సీపీ సర్వర్ అయిపోయి, ముందు ఎవరు అడిగితే వాళ్లకి అడ్రస్ ఇచ్చేయడం మొదలుపెట్టింది. పీకేసి, కంప్యూటర్లన్నీ రీస్టార్ట్ చేయిస్తే సర్దుకుంది. తర్వాత స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేసి, అసలు సర్వర్ ఉన్న పోర్టుని మాత్రమే ట్రస్ట్ చేశాం. ఇక ఎవరు ఏ రౌటర్ తెచ్చి గుచ్చినా అది అడ్రస్‌లు పంచలేదు.

డీహెచ్‌సీపీ స్నూపింగ్ సీసీఎన్ఏ సెక్యూరిటీ భాగంలో ఉంటుంది. పుస్తకంలో చదివినవాడు నిర్వచనం చెప్తాడు. ఇలాంటిది ఒక్కటి కళ్లతో చూసినవాడు ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడతాడు, వాడినే తీసుకుంటాం.

అందుకే ఊళ్లో చిన్న ఉద్యోగం అంటున్నా. నాకు తెలిసి ఇలాంటి చోట్ల ఫ్రెషర్‌కి పది, పన్నెండు వేలకి మించి రాదు, పెట్రోల్ అలవెన్స్ అడిగి తీసుకో. ఎండలో నిచ్చెన ఎక్కాలి, ఇంట్లో వాళ్లు ‘డిగ్రీ చదివి స్తంభాలెక్కుతున్నావా’ అంటారు, అననీ. ఆ ఆరేడు నెలల్లో నీకు వచ్చేవి ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ రావు. ఫైబర్ లైన్‌లో పవర్ మీటర్ పెట్టి మైనస్ 20 డీబీఎం చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు, మైనస్ 28కి జారిపోతే లైను వస్తూ పోతూ ఉంటుందని కంటితో చూస్తావ్. ప్రొవైడర్ ఆఫీసులో ఉండే ఓఎల్‌టీ అనే ఫైబర్ పెట్టెలో ఒక పోర్టు నుంచి స్ప్లిటర్లు పెట్టి అన్ని ఇళ్లకి ఎలా పంచుతారో, కస్టమర్ కనెక్షన్ లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్‌నేమ్ తప్పితే ఏం జరుగుతుందో, కస్టమర్ ‘నెట్ రావట్లేదు’ అంటే అందులో ఎన్ని రకాలుంటాయో తెలుస్తుంది.

కేబుల్ కొట్టడం సంగతే తీసుకో. క్రింపింగ్, అంటే కేబుల్ చివర కనెక్టర్ బిగించడం, ఎవరైనా చేస్తారు అనుకుంటాం. తెల్ల ఆరెంజ్, ఆరెంజ్, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల బ్రౌన్, బ్రౌన్, ఇదీ బీ స్టాండర్డ్ వరస. చాలామంది కుర్రాళ్లు దీన్ని పట్టించుకోకుండా జతకి జత వరసగా, ఆరెంజ్ జత, ఆకుపచ్చ జత, నీలం జత, బ్రౌన్ జత అని రెండు చివరలా ఒకేలా పెట్టేస్తారు. టెస్టర్ పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు చక్కగా వెలుగుతాయి, పాస్ అనుకుని వెళ్లిపోతారు. కానీ 3, 6 పిన్నులు ఒకే జతకి చెందిన తీగలై ఉండాలి. ఇలా పెడితే వేరే వేరే జతలవి అవుతాయి, తీగలు మెలి తిప్పిన ప్రయోజనమే పోతుంది. చిన్న ముక్కైతే నడిచిపోతుంది, యాభై మీటర్ల లైనైతే కెమెరా బొమ్మ ఆగి ఆగి వస్తుంది, కస్టమర్ కెమెరా మార్పించుకుంటాడు, అయినా తగ్గదు. లైట్లు వెలిగే టెస్టర్ దీన్ని ఎప్పటికీ పట్టుకోలేదు. కనెక్టర్‌ని వెలుతురులో పెట్టి రంగులు చూస్తేనే దొరుకుతుంది.

ఇలాంటి పనికి ఎవరిని అడగాలి? అప్లికేషన్లు పంపితే ఎవరూ పిలవరు. బ్రాడీపేట, అరండల్‌పేట వైపు గానీ, ఇటు విజయవాడలో గవర్నర్‌పేట వైపు గానీ కంప్యూటర్, సీసీటీవీ షాపులకి నేరుగా వెళ్లి ఓనర్‌ని కలువు. ‘బండి ఉంది సార్, లైసెన్స్ ఉంది, ఐపీ అడ్రస్‌లు, వీలాన్‌లు తెలుసు, కేబులింగ్ నేర్చుకుంటా’ అను. బండి ఉంది అనే మాటకే సగం పని అయిపోతుంది. ఒక్క జాగ్రత్త, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకు, బాండ్ అంటే లేచి వచ్చేయ్. అంత చిన్న జీతానికి బాండ్ అడిగేవాడి దగ్గర మనుషులు నిలవట్లేదని అర్థం.

ఆడపిల్లలు కూడా ఇదే ప్రశ్న అడుగుతుంటారు, నిచ్చెన పని కుదరదు కదా సార్ అని. నిజానికి చేస్తున్నవాళ్లు ఉన్నారు. వద్దనుకుంటే ప్రొవైడర్ల ఆఫీసుల్లో సపోర్ట్ డెస్క్ ఉంటుంది, కస్టమర్ ఫోన్ చేస్తే ఇక్కడి నుంచే ఓఎన్‌యూ (కస్టమర్ ఇంట్లో ఉండే ఫైబర్ పెట్టె) స్టేటస్ చూసి, సెషన్ చూసి చెప్పే పని. అక్కడ నేర్చుకునేది కూడా తక్కువేమీ కాదు, పైగా ఎన్‌ఓసీ (నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్) ఉద్యోగానికి అదే దగ్గరి దారి.

హైదరాబాద్ విషయం. నేర్చుకోవడానికి వెళ్లక్కర్లేదు, ఉద్యోగానికి మాత్రం వెళ్లాల్సి రావచ్చు, దానికి సిద్ధంగా ఉండు. గన్నవరం మేధా టవర్స్‌లోనూ, మంగళగిరి వైపూ కంపెనీలు ఉన్నాయి. కానీ ఫ్రెషర్‌ని నెట్‌వర్క్ ఎల్1 (మొదటి స్థాయి సపోర్ట్)గా తీసుకునే ఖాళీలు ఇప్పటికీ ఎక్కువ హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలోనే. అమీర్‌పేటలో హాస్టల్ తీసుకుని కోర్సు చదవడమంటే ఫీజు కంటే హాస్టల్ ఖర్చు ఎక్కువవుతుంది. పరీక్ష పాసై, ఆరు నెలల పని చేతిలో పెట్టుకుని, ఇంటర్వ్యూల కోసం వెళ్లు, అదే డబ్బుకి విలువ ఉంటుంది. వెళ్లినప్పుడు వీలైతే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఒక సెకండ్ హ్యాండ్ సిస్కో 2960 స్విచ్, ఒక నీలం రంగు కన్సోల్ కేబుల్, యూఎస్‌బీ కన్వర్టర్ బేరమాడి తెచ్చుకో. పుట్టీ అనే సాఫ్ట్‌వేర్‌లో 9600 స్పీడ్ పెట్టి మొదటిసారి నిజమైన స్విచ్ బూట్ అవడం చూస్తే ప్యాకెట్ ట్రేసర్‌కీ దీనికీ తేడా తెలుస్తుంది. ఫ్యాన్ మోత భరించలేక ఇంట్లో వాళ్లు మేడ మీద పెట్టుకోమంటారు. ఇది తప్పనిసరి కాదు, సరదా.

రెండు విషయాలు మాత్రం గట్టిగా చెప్తా.

డంప్స్ జోలికి పోకు. టెలిగ్రామ్‌లో అసలు ప్రశ్నలే అంటూ అమ్ముతారు. దొరికితే సిస్కో సర్టిఫికెట్ రద్దు చేస్తుంది, మళ్లీ రాయకుండా నిషేధం కూడా పెట్టొచ్చు. అది పక్కన పెట్టినా, డంప్ బట్టీ కొట్టి పాసైనవాడిని మేము రెండో ప్రశ్నకే పట్టేస్తాం. నేను అడిగేవి పెద్ద ప్రశ్నలేం కాదు. కంప్యూటర్‌కి 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చింది, ఏమైంది? (డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదు.) ఐపీ కొడితే పింగ్ వస్తోంది, వెబ్‌సైట్ పేరు కొడితే రావట్లేదు, ఎక్కడ చూస్తావ్? (పేరుని ఐపీగా మార్చే డీఎన్ఎస్.) రెండు స్విచ్‌ల మధ్య వీలాన్ 10 పోతోంది, 20 పోవట్లేదు, ఏ కమాండ్ కొడతావ్? ఈ మూడోదానికి ‘షో ఇంటర్ఫేసెస్ ట్రంక్ కొట్టి 20 అలౌడ్ లిస్టులో ఉందో లేదో చూస్తా, అసలు రెండో స్విచ్‌లో వీలాన్ 20 క్రియేట్ అయిందో లేదో చూస్తా’ అని ఎవరైనా అంటే వాళ్ల ఇంగ్లిష్ ఎలా ఉన్నా నాకు పట్టదు. అయినా హెచ్‌ఆర్ రౌండ్ ఒకటి ఉంటుంది కాబట్టి ఇంగ్లిష్‌లో చెప్పడం ప్రాక్టీస్ చెయ్. ముందు తెలుగులో ఎవరికైనా వివరించు, అడ్డు లేకుండా చెప్పగలిగితే దాన్నే మెల్లగా ఇంగ్లిష్‌లోకి మార్చు. నేరుగా ఇంగ్లిష్ వాక్యాలు బట్టీ కొడితే మధ్యలో ఒక మాట మర్చిపోయినా మొత్తం ఆగిపోతుంది.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ వద్దు. కన్సల్టెన్సీ వాళ్లు మూడేళ్ల అనుభవం పెట్టిస్తాం, అక్కడే జీతం స్లిప్పులు ఇస్తాం అంటారు. ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ హిస్టరీ కూడా చూస్తున్నారు, యూఏఎన్‌లో (పీఎఫ్ నంబర్‌లో) లేని కంపెనీ పేరు ఎన్నాళ్లు నిలుస్తుంది? చేరిన నాలుగు నెలలకి తీసేస్తే మళ్లీ ఫ్రెషర్‌గా కూడా చెప్పుకోలేవు. నువ్వు సీసీటీవీ డీలర్ దగ్గర చేసిన ఆరు నెలలు నిజం, దాన్ని ఉన్నది ఉన్నట్టు రాయి. ‘నలభై కెమెరాలున్న స్కూల్‌కి పీఓఈ స్విచ్‌లు పెట్టాం, కెమెరాలకి వేరే వీలాన్ చేశాం’ అనే ఒక్క లైను ఆ దొంగ మూడేళ్ల కంటే బరువు (పీఓఈ స్విచ్ అంటే నెట్‌వర్క్ కేబుల్‌లోనే కెమెరాకి కరెంటు కూడా పంపేది).

ఇక పరీక్ష సంగతులు. ఫీజు 300 డాలర్లు, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఇప్పటి రేటుకి ముప్పై వేల పైమాటే. ఫెయిలైతే మళ్లీ మొత్తం కట్టాలి, పైగా ఐదు రోజులు ఆగాలి. అందుకే ఆఖర్న కట్టమన్నా. టైమ్ 120 నిమిషాలు. ఒక ప్రశ్న దాటాక వెనక్కి రాలేవు, కాబట్టి తర్వాత చూద్దాంలే అనే మన బోర్డు పరీక్షల అలవాటు ఇక్కడ పనికిరాదు. మధ్యలో ల్యాబ్ ప్రశ్నలు వస్తాయి, నిజంగా కమాండ్లు కొట్టాలి, వాటి మీద కాస్త ఎక్కువ టైమ్ పెట్టు. పాస్ మార్కు ఎంతో సిస్కో బయటికి చెప్పదు, 825 అని ఎవరో చెప్పింది విని దానికి గురి పెట్టకు. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది, ఆలోపు ఇంకో పరీక్ష రాసో, కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ క్రెడిట్లు 30 తెచ్చుకునో పొడిగించుకోవాలి.

ఎప్పుడు బుక్ చేయాలంటే, ప్రాక్టీస్ టెస్టులు కనీసం రెండు మూడు వేరే వేరే చోట్లవి రాసి, అన్నిట్లో 85 శాతం దాటుతుంటే చెయ్. ఒకే టెస్టు మూడుసార్లు రాసి 95 వచ్చిందంటే ప్రశ్నలు గుర్తున్నాయని, అంతకు మించి ఏం లేదు. ఇంటి నుంచి రాసే ఆన్‌లైన్ పద్ధతి కూడా ఉంది కానీ మన ఇళ్లలో వద్దంటా. గదిలోకి ఎవరైనా వచ్చినా, మధ్యలో కరెంటు పోయినా టెన్షన్. సిస్కో తరఫున పరీక్ష పెట్టే పియర్సన్ వ్యూ సెంటర్‌కి వెళ్లి రాయడమే ప్రశాంతం.

బుక్ చేసేటప్పుడు మనవాళ్లు ఇరుక్కునేది పేరు దగ్గర. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో వెనకుంటుంది, పాన్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చే పేరు నువ్వు సెంటర్‌లో చూపించే ఐడీలో ఉన్న పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి, లేకపోతే లోపలికి పంపరు, ఫీజూ పోతుంది. పాస్‌పోర్ట్ ఉంటే గొడవే లేదు, అందులో ఉన్నట్టే ఇచ్చేయ్. లేకపోతే ఇప్పుడే అప్లై చేసి పెట్టుకో, నువ్వు ఓఎస్‌పీఎఫ్ దాకా వచ్చేసరికి అది ఇంటికి వచ్చేస్తుంది.